నీలం ఉన్ని

ఉన్నిని పిండకూడదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, తువ్వాల్లో చుట్టి, ఆ చుట్ట మీద మోచేతులతో బరువు వేసి తడి లాగించాలి. తర్వాత బల్ల మీద పరిచి, చేతులు రెండూ సర్ది, మనిషి పడుకున్నట్టు ఆరనివ్వాలి. ఈ పద్ధతి మా అత్తగారు వినిఫ్రెడ్ నేర్పింది. ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడ నాకో గుండీల స్వెటర్ అల్లుతుంది. ప్రతిసారీ నీలమే. పెళ్ళైన కొత్తలో ఒకసారి మా ఆయన డెస్మండ్ నావైపు చూసి, "ఏవ్రిల్‌కి నీలం నప్పుతుందమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటతో అది నా రంగైపోయింది. నాకు ఏ రంగు ఇష్టమో ఎవరూ అడగలేదు. ఎంతోమందికి రంగులు ఎంచే పనిలో ఉన్నాను, నన్ను నేనూ అడుక్కోలేదు.

ఆ ఆదివారం స్వెటర్‌ని బల్ల మీద పరుస్తుంటే, పేపర్ వెనకనుంచి డెస్మండ్ అన్నాడు: "ఈస్టర్ సెలవుల్లో వెళ్ళిపోదాం. ఉత్తరాన ఒక స్కూలుకి హెడ్‌మాస్టర్‌గా ఒప్పుకున్నాను. ఇల్లు వాళ్ళే ఇస్తారు. కుట్టుకోవడానికి నీకు ఎండ పడే గది కూడా ఉంది."

"అక్కడ స్టూడియో లేదు కదా," అన్నాను.

"గది ఉందన్నానుగా."

ఆలోచిద్దాం అన్నాను. అతను తలూపి పేజీ తిప్పాడు. వసంతంలో నేను పనిచేసే టీవీ సీరియల్ రెండో సిరీస్ మొదలవుతుంది. అది నేను చెయ్యాలా, వదిలెయ్యాలా అన్నది ఆ తల ఊపుతోనే తేలిపోయిందని నాకప్పుడు తెలియలేదు. నేను ఊరుకుంటే ఒప్పుకున్నట్టని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ మా ఇంట్లో మౌనం ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ వైపే వాలుతుంది.

నేను టెలివిజన్‌లో వేరే గ్రహాల వాళ్ళకి బట్టలు కుడతాను. నిజానికి కుట్టడం అందులో చిన్న భాగం. ఊపిరి పీల్చే గాలి లేనిచోట మనిషి మెడ ఎలా కప్పుకుంటాడు, సూర్యుళ్ళు రెండుంటే టోపీకి అంచు ఎటు ఉండాలి, ఇలాంటివి బస్సులో కూర్చుని ఆలోచిస్తాను. ఇచ్చే డబ్బు తక్కువ కాబట్టి ఊహలన్నీ వంటింట్లోంచే వస్తాయి. గుడ్లు అమర్చే అట్టలు కవచాలవుతాయి. దుమ్ము పీల్చే మిషన్ గొట్టం కొత్త జాతి తొండమవుతుంది. ఒకసారి డెస్మండ్ వంటింట్లోంచి కేకేశాడు:

"బంగాళాదుంపలు వార్చే చిల్లుల గిన్నె ఏది?"

"జనరల్ గారి నెత్తిన ఉంది."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"యుద్ధం అయ్యాక."

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆ నవ్వు అతనొక్కడిదే అయింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆ గిన్నె కథ చెప్పి, "మా ఆవిడ పెద్ద పెద్ద మగాళ్ళకి బొమ్మల గౌన్లు కుడుతుంది," అని ముగించేవాడు. అత్తగారైతే ఇంకా సూటిగా అనేది: "ఇంట్లో ఒక పసివాడుంటే, రాక్షసులకి కొలతలు తీసే తీరిక ఎక్కణ్ణుంచి వచ్చేదమ్మాయ్." అది అన్నప్పుడు ఆవిడ సూదులు ఆగేవి కావు. నేనూ ఇస్త్రీ ఆపేదాన్ని కాదు. ఇస్త్రీపెట్టె ఆవిరి మాట్లాడేది మా ఇద్దరి తరఫునా.

మా స్టూడియోలో నీలం నిషిద్ధం. నటుల వెనక పెద్ద నీలం తెర కడతారు. నీలం కనబడిన చోటల్లా వేరే బొమ్మ పెట్టమని కెమెరాకి చెప్పి ఉంచుతారు. అక్కడ సముద్రం రావచ్చు, కాలిపోతున్న నగరం రావచ్చు. మిషన్‌కి తెర వేరు, మనిషి వేరు అన్న ఇంగితం ఉండదు. నీలం టై కట్టుకొస్తే మెడకింద కన్నం పడి, అందులోంచి మంటలు కనిపిస్తాయి. అందుకని కొత్తవాళ్ళు వచ్చిన రోజున, జేబులో రుమాలుతో సహా వెతికి నీలాన్ని ఏరెయ్యడం నా పని. నా స్వెటర్లన్నీ ఇంటికే పరిమితం. అత్తగారికి ఆ కారణం చెప్పినా నమ్మలేదు. తన అల్లిక నాకు చిన్నతనంగా ఉందనుకుంది.

ఆ గురువారం పొద్దున ఇళ్ళు అమ్మిపెట్టే ఆయన చూడ్డానికొస్తున్నాడని డెస్మండ్ అప్పటికప్పుడు చెప్పాడు. "వంటిల్లు కాస్త మనుషులది లాగా చెయ్యి," అన్నాడు. అట్టలూ గొట్టాలూ మెట్ల కింద దాచి, పొయ్యి తుడిచి, ఆలస్యమైపోయి, ఇంట్లో వేసుకున్న స్వెటర్ మీదే కోటు తగిలించుకుని బస్సెక్కాను. స్టూడియో దీపాల వేడికి కోటు తీసేశాను. ఏం వేసుకున్నానో చూసుకోలేదు. ఈ ఉద్యోగంలో పన్నెండేళ్ళుగా ఎవర్నీ చెయ్యనివ్వని తప్పు నేనే చేశాను.

ఆ వారం కథలో రాత్రిని కాపలా కాసే స్త్రీ ఒకత్తె వస్తుంది. స్క్రిప్టులో ఆమె గురించి ఉన్నది ఒక్క ముక్క: "ఒక వింత స్త్రీ ప్రవేశిస్తుంది." మా దర్శకుడు లయనెల్ దానికి చేర్చింది ఇంకో ముక్క: "వెండి రంగు ఏదైనా చుట్టెయ్, కాళ్ళు కనబడనీ." ఆ వేషం వేసే ఫెనెల్లా ఇంకా మేకప్‌లోనే ఉంది. దీపాలు సరిచూసుకోవడానికి ఎవరైనా నిలబడండని కెమెరా బొమ్మలు కలిపే గ్లిన్ పై కంట్రోల్ గదిలోంచి అడిగితే, నేను వెళ్ళి నీలం తెర ముందు నిలబడ్డాను.

ముందు ఎవరో పకపకా నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పక్కనున్న మానిటర్ వైపు తిరిగాను. అందులో నా తల ఉంది, రెండు అరచేతులున్నాయి, నడుం కింద గోధుమరంగు స్కర్టు ఉంది. మధ్యలో నేను లేను. అక్కడ నక్షత్రాలు మెల్లగా తిరుగుతున్నాయి.

"చూశారా," అన్నాడు లయనెల్, "మన ఏవ్రిల్ సగం అప్పుడే వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?" అన్నాను.

"ఉత్తరానికి. క్రిస్మస్ పార్టీలో మీ ఆయన చెప్పాడుగా. వసంతానికి ఒక కుర్రాణ్ణి మాట్లాడుకున్నాం. బాధపడకు, నీ అంతటివాడు కాదులే."

క్రిస్మస్ పార్టీ. ఆ రోజు నేను అటువైపు నిలబడి, ఎవరి భార్యదో ఊడిన అంచుకి గుండుసూది పెడుతున్నాను. ఇటువైపు నా ఉద్యోగం నా చేతుల్లోంచి ఒకరు తీసి ఇంకొకరికి ఇచ్చారు, చలికోటు అందించినట్టు, ఎంతో మర్యాదగా. కోపం రావాలి. రాలేదు. నేను మానిటర్‌లోకే చూస్తున్నాను. భయంగా లేదు, అదే ఆశ్చర్యం. ఇన్నాళ్ళూ నా లోపల ఏదో ఖాళీ ఉందని, అందరూ దాని మీదుగా నడిచిపోతున్నారని నాకు తెలుసు. దాన్నో గుంట అనుకున్నాను. పిల్లలు లేకపోవడం అనుకున్నాను, నోరు లేకపోవడం అనుకున్నాను. అది ఇంత లోతుగా ఉంటుందని, అందులో ఇన్ని దీపాలుంటాయని ఎవరు చెప్పారు నాకు? ఊపిరి పీల్చాను. చిత్రంగా నక్షత్రాల అంచులు కూడా కొద్దిగా ఎగిశాయి. ఉన్ని నూగు ఉన్న చోటల్లా అంచు మిణుకుమంటోంది. చిన్నప్పుడు జ్వరంలో పడుకుంటే గదిగోడలు దూరం జరిగి జరిగి ఆకాశమైపోయేవి. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టేదాకా నేను అక్కడే హాయిగా తేలేదాన్ని. ఆ చోటు ఇదే. మెల్లగా పై గుండీ విప్పాను. నక్షత్రాలు రెండుగా చీలి మధ్యలో నా తెల్ల జాకెట్టు బయటపడింది. గుండీ పెట్టాను. ఆకాశం మూసుకుంది. మళ్ళీ విప్పాను.

"ఏవ్రిల్, ఇక చాలమ్మా, స్వెటర్ తీసెయ్," అన్నాడు గ్లిన్. "అంచులన్నీ నీళ్ళు మరిగినట్టు మరుగుతున్నాయి."

"మరగనీ," అన్నాను. "లయనెల్, వెండి వద్దు. ఆమెకి బూడిదరంగు అంగీ. నేల దాకా. కాళ్ళు కనబడవు. లోపలంతా ఈ నీలం ఉన్ని. ఆమె అంగీ తెరిస్తే లోపల రాత్రి ఉంటుంది."

లయనెల్ గడ్డం గోక్కున్నాడు. "కాళ్ళు బొత్తిగా కనబడవా?"

"ఎవరూ కాళ్ళు చూడరు."

ఇంటికొచ్చి అరలోంచి స్వెటర్లన్నీ తీశాను. కొత్త గుడ్డ కొనొచ్చు. కానీ నున్నటి గుడ్డకి అంచు మిణుకుమనదు, నాకు ఆ నూగే కావాలి. మొదటి స్వెటర్‌లోకి కత్తెర దించాను. కత్తిరించిన చోట కుట్లు ఒకదాని వెనక ఒకటి జారిపోతుంటే, అత్తగారు టీవీ ముందు కూర్చుని గడిపిన సాయంకాలాలన్నీ నా ఒళ్ళోకి ఊడిపడుతున్నట్టనిపించింది. వాటిలో ఆవిడ నా గురించి ఏమనుకుని ఉంటుంది? ఏ వరసలో కోపం, ఏ వరసలో జాలి? అన్నిటినీ అంగీ లోపల కలిపి కుట్టాను. డెస్మండ్ గుమ్మంలోంచి చూసి, "పాతబట్టలు ఏరేస్తున్నావా? మంచిపని. సామాను తగ్గుతుంది," అని వెళ్ళిపోయాడు.

రికార్డింగ్ రోజు ఫెనెల్లా ఆ అంగీలో నిలబడగానే నడక మార్చుకుంది. కాళ్ళు దాచేసరికి ఆమెకి భుజాలొచ్చాయి. రెండు చేతులతో అంగీ తెరిచింది. స్టూడియోలో అందరూ మానిటర్ల వైపు తిరిగారు. పై నుంచి నిర్మాత దిగొచ్చి ఇది ఎవరి ఊహ అని అడిగితే, లయనెల్ గొంతు సవరించుకుని, "నాకు ఆ రోజు దీపాలు చూస్తుంటే తట్టింది," అన్నాడు.

"నాది," అన్నాను. గుండుసూదులు నోట్లో పెట్టుకుని ఉన్నాను. వాటిని ఒక్కొక్కటే తీసి మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండుకి గుచ్చి, మళ్ళీ అన్నాను. "ఆ ఊహ నాది. వచ్చే సిరీస్ కూడా నేనే చేస్తాను. ఆ కుర్రాడికి చెప్పెయ్యండి."

లయనెల్ నవ్వబోయాడు. నిర్మాత నవ్వకపోవడం చూసి మానుకున్నాడు. డెస్మండ్‌కి మాత్రం నేనేమీ చెప్పలేదు. భయపడి కాదు. నా గురించి అతను చెప్పాల్సినవాళ్ళందరికీ చెప్పి చివర నాకు చెప్పాడు. నేను కూడా ఆ వరసే పాటించాను.

శనివారం సాయంత్రం ఎప్పట్లాగే అత్తగారు వచ్చింది. టోస్టు మీద సార్డీన్ చేపలు, టీ. ఒళ్ళో కొత్త నీలం ఉన్ని ఉండ. సీరియల్ మొదలైంది. డెస్మండ్ ఉత్తరాదిన పళ్ళచెట్ల గురించి చెబుతూ ఉన్నాడు. తెర మీద ఫెనెల్లా అంగీ తెరిచింది. అతని మాట మధ్యలో ఆగింది. అత్తగారి సూదులు ఆగాయి. అవి ఆగడం ఈ ఇంట్లో నేనదే మొదటిసారి చూడటం.

"ఎంత లోతుందో," అంది ఆవిడ. "లోపల అదేం గుడ్డ, అమ్మాయ్?"

"మీ ఉన్నే అత్తయ్యా."

"ఏ స్వెటర్?"

"అన్నీ."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తెర దగ్గరికి వంగింది. "నా అల్లిక ఒక్క వరస కూడా కనబడట్లేదే."

"కనబడదు. అది ఉన్నచోటే ఆకాశం వస్తుంది."

డెస్మండ్ అన్నాడు: "అమ్మ అన్నేళ్ళు కష్టపడి అల్లింది కత్తిరించేశావా?"

అత్తగారు అతని వైపు చూడలేదు. తెర మీద ఆ స్త్రీ అంగీ మూసుకుని నడిచి వెళ్ళిపోతోంది. ఆమె వెళ్ళేదాకా చూసి, ఒళ్ళో ఉండని ఒకసారి తడిమి, "నేను మోచేతుల దగ్గర గట్టిగా అల్లుతాను. అక్కడ చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నాయి," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇంకా కావాలా?"

"కావాలి. వసంతంలో రెండో సిరీస్ మొదలుపెడుతున్నాం. నేను ఇక్కడే ఉంటాను."

టీ కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు. "ఎవర్నడిగి?" అన్నాడు డెస్మండ్. నేను తెర మీదే చూస్తున్నాను. కథ అయిపోయింది, సంగీతం వస్తోంది. ప్రతి శనివారం లాగే అతను టీవీ కట్టెయ్యడానికి లేచాడు.

"ఉంచు డెస్మండ్," అన్నాను. "నా పేరు ఇంకా రాలేదు."