అడ్డపిక్కలు

శ్యాంసుందర్ నన్ను ఏనాడూ కొట్టలేదు. అందుకే నా మొగుడి మీద నాకున్న కసి ఎవరికి చెప్పినా నమ్మరు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసువాళ్లు భోజనానికొస్తున్నారు. "మన పద్ధతిలో కింద కూచోబెట్టి పెడదాం" అని ఇక్కడ సింగపూర్ సెరంగూన్ రోడ్డులో అడ్డాకు విస్తళ్ల కట్ట కొనుక్కొచ్చారు. తెల్లారకముందు నుంచి పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు. నడుం నాది కాకుండా పోయింది. రెండో పొయ్యి మీద అడ్డపిక్కలు ఉడుకుతున్నాయి.

సాలూరు దగ్గర మా ఊళ్లో అడ్డతీగ చెట్లెక్కి పాకుతుంది. ఆకుతో విస్తళ్లు కుడతారు. కాయ నిప్పుల్లో వేస్తే పగిలి పిక్కలు బయటపడతాయి, ఉడకేసుకు తింటాం. తువాస్ షిప్‌యార్డులో పనిచేసే మా ఊరి నూకరాజు సెలవు నుంచి వస్తూ తెచ్చాడు. "మీ తోట గట్టువే అక్కా. మీయమ్మ అందులోనే జీడిపిక్కలేరే కూలికెళ్తంది. బావకి కూడా పెట్టమంది" అన్నాడు.

ఆ బావగారొచ్చి గిన్నె మూత తీశారు.

"ఇవేంటి?"

"అడ్డపిక్కలు. అమ్మ పంపింది."

"కొండోళ్ల తిండి. మా మేనేజరు పార్థసారథి గారి ముందు పరువు తీస్తావా? లోపల పెట్టు."

"ఆకులూ లోపల పెట్టెయ్యనా? రెండూ ఒక్క తీగవే."

"ఆకు వేరు. ఇంగ్లీషు ముక్క రాదు గానీ వాదించడం మా బాగా వచ్చు."

ఆకు వేరే, నిజమే. తిని పారేసేది గదా. పెళ్లయిన ఏడాదే అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సని నా పేరనున్న జీడితోట అమ్మించారు. "ఉద్యోగం రానీ, రెట్టింపు కొనిస్తా" అన్నారు. అందరూ కంప్యూటర్ల వెనక పరిగెత్తిన రోజులు. ఉద్యోగమొచ్చింది, సింగపూరొచ్చింది. తోట మాటెత్తితే "ఆ రాళ్లగుట్ట గురించి ఇంకానా" అంటారు. స్నేహితులతో "నేను సొంత కాళ్ల మీద పైకొచ్చా" అని చెబుతుంటే పక్కన నిలబడి వాళ్లకి మంచినీళ్లు పోశాను.

అందరూ విస్తళ్ల ముందు కూచున్నారు. "కల్పనా, వడ్డించు" అన్నారు మా ఆయన. వడ్డించాను. తర్వాత ఇంకో విస్తరి తెచ్చి ఆయన ఎదురుగా వేసుకుని నేనూ కూచున్నాను. లోపల్నుంచి తెచ్చిన గిన్నెలోంచి గుప్పెడు పిక్కలు నా ఆకులో పెట్టుకున్నాను. నవ్వు మొహంతోనే పళ్లు బిగించి "లే" అన్నారు. లేవలేదు.

"ఏంటమ్మా అవి?" పార్థసారథి గారు అడిగారు.

"మా తోటవి సార్."

"మీకు తోటుందా? శ్యాం ఎప్పుడూ చెప్పలేదే."

మా ఆయన నా వైపు చూసి, వద్దన్నట్టు తలూపారు. నేను ఒక పిక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలి మింగాను.

"ఉండేది సార్. ఈయన చదువుకి అమ్మేశాం. డెబ్భై రెండు సెంట్లు."