నాన్న ఇచ్చిన బుడిపెలు

మూడో నంబరు కౌంటరులో బస్సు టికెట్లిచ్చే మనిషిని ఊళ్ళో అందరూ ఎరుగుదురు, మొహం ఒక్కటి తప్ప. అద్దం నిండా బస్సుల వేళల కాగితాలు అంటించి ఉండేవి. అడుగున ఉన్న కంతలోంచి అతని చేతులు మాత్రం బయటికొచ్చేవి. పొట్టి వేళ్ళు, కణుపు కణుపుకీ ఎముక బుడిపెలు, చిటికెన వేలి వైపు వాలిపోయిన మణికట్టు. ఎవరో పేరు పెట్టేలోగా తనే 'అల్లం' అని పెట్టేసుకున్నాడు. వెక్కిరింతలో మాత్రం ఊరి కంటే ఒక అడుగు ముందే ఉండేవాడు.

ఎముక మీద ఎముక పెరిగే జబ్బు అది. లక్షలో ఒకరిద్దరికి వస్తుంది. వచ్చినవాళ్ళ పిల్లల్లో సగం మందికి దిగుతుంది. అల్లానికి నాన్న నుంచి వచ్చింది. ఒకే రక్తంలోని బుడిపెలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి కనక, చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకునే పనే ఉండేది కాదు. పక్కన నడిస్తే చాలు, టక్కున అతుక్కునేది. "మళ్ళీనా? ఇలాగే కూచుని తింటారా ఇద్దరూ?" అని విసుక్కుంటూ అమ్మ సబ్బు నీళ్ళు పోసి విడదీసేది.

నాన్న పోయి పంతొమ్మిదేళ్ళు. అమ్మ పోయి ఆరు. ఆ చేతుల్ని ఇక ఏదీ లాగలేదు. జనం కూడా టికెట్టు కొసని పట్టుకుని, వేలు తగలకుండా లాక్కునేవాళ్ళు.

అందుకే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. బుడిపెలు నొప్పేమీ పెట్టేవి కావు. మర్నాడు ఉదయమే చెయ్యడం.

"బుడిపెలు చెక్కేస్తే లాగుడు కూడా పోతుంది, తెలుసుగా?" అన్నాడు డాక్టరు, మత్తుమందు గురించి చెప్పినంత మామూలుగా.

"లాగేవాళ్ళెవరున్నారు సార్? చెయ్యి నున్నగా ఉంటే ఎవరైనా పట్టుకుంటారేమో, చూద్దాం."

ఆ మధ్యాహ్నం టికెట్టు చింపబోతుంటే అతని కుడిచెయ్యి దానంతటది కంతలోకి పాకింది. టక్. అవతల ఒక ఆడమనిషి చెయ్యి. పొట్టి వేళ్ళు, కణుపు కణుపుకీ బుడిపెలు.

"చుట్టాలు కలిశారు. ఇక ఈ వరస కదలదు," అంటూ వెనకున్న పెద్దాయన సంచి ఎత్తుకుని రెండో కౌంటరుకి నడిచాడు. మిగతావాళ్ళూ అతని వెనకే.

అల్లం వంగి కంతలోంచి చూశాడు. ముప్పై దాటిన మనిషి. నాన్న ముక్కు.

ఆమె అతని చేతినే చూస్తూ, ఎవరూ అడక్కుండానే, "మా నాన్న కుట్టుమిషన్లు అమ్మేవారు. ఎప్పుడూ టూర్లే," అంది.

"మా నాన్నా అదే."

ఇద్దరికీ అర్థమైంది. పోయినవాడి మీద అల్లానికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ చెయ్యి వెచ్చగా ఉండడంతో అది ఎక్కువసేపు నిలవలేదు.

"మీకు ఏ వారాలు?" అంది ఆమె.

"సోమ, మంగళ, బుధ. గురువారం తెల్లారగానే బయల్దేరేవాడు."

"గురువారం మధ్యాహ్నానికి మా ఇంట్లో ఉండేవారు. శుక్ర, శని." రెండో చేతి వేళ్ళు మడిచి చూపించబోయి, అవి మడతపడక నవ్వేసింది. "అయితే ఆదివారాలు కూడా మీకే ఇచ్చేశారన్నమాట, అన్నయ్యా."

అన్నయ్యా అన్న మాటకి అతను కంతకి ఇంకా దగ్గరగా వంగాడు. తర్వాత చిన్నప్పటి ఆదివారాలు తలుచుకున్నాడు. తనూ, అమ్మా, తలుపు వైపు చూసి చూసి ఆవిడ తీసేసిన మూడో కంచం.

"ఆదివారం మా ఇంట్లో ఎప్పుడూ లేడమ్మా."

ఆమె ఎక్కాల్సిన బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఇద్దరూ తలెత్తలేదు.

అల్లం ఎడమచేత్తో ఫోనందుకుని ఆసుపత్రికి చేశాడు.

"రేపు రాలేనండీ."

"మరి ఎప్పటికి రాసుకోమంటారు?"

కంతలోంచి చెల్లెలి మొహం చూశాడు. ఆమె అప్పటికే పక్క వరసల్లోని చేతుల్ని ఒక్కొక్కటే పరికించి చూస్తోంది.

"ఇప్పుడే చెప్పలేనండీ," అన్నాడు. "ఇంకా ఎవరో రావాలి."