పంతొమ్మిది మంది వాటా

రొతియా మంచుడబ్బా భుజాన తగిలించుకుని, మోకాలి లోతు నీళ్లలో ఉప్పుమడుగు దాటుతోంది. అరవై దగ్గరపడ్డ నర్సు. పొద్దున్నుంచీ గుండెల్లో ఏదో బరువు. నీళ్లూ ఆకాశమూ ఒకటే రంగులో కలిసిపోయి, తాను నడుస్తోందో తేలుతోందో తనకే తెలియడం లేదు.

మా దీవిలో ఏది విప్పినా పదిమందీ పంచుకోవాలి. చేపలడబ్బా ఒక్కడే విప్పుకు తింటే వాడి మొహం చూసేవాళ్లుండరు. క్షయ టీకా బుడ్డినీ మేం అలాగే చూశాం. ఒకసారి మందు కలిపితే ఇరవై మంది పసివాళ్లకు వస్తుంది, ఆరు గంటలు దాటితే పారబోయాలి. అందుకని రొతియా కూడా పిల్లలు పోగయ్యేదాకా ఆగేది. అలా ఆగిన ఓ ఏడాది, తెబూకా అనే పసివాడికి క్షయ మెదడుకెక్కింది. వాణ్ణి పాతిపెట్టిన రోజు నుంచీ రొతియా డబ్బాచేపలు ముట్టలేదు.

రొతియా చేరిన ఇంట్లో, చాపమీద బాలింత తియాకే, ఒళ్లో నాలుగురోజుల ఆడపిల్ల. తొలిచూలు బిడ్డ తాత దగ్గరే పెరగాలి కాబట్టి, సాయంత్రం పోటుకి పడవలో అవతలి దీవికి తీసుకుపోతారు. అక్కడ నర్సు లేదు. ఆ తాత నిరుడే క్షయ మందులు ముగించాడు.

"ఒక్కదానికోసం విప్పుతావా పెద్దమ్మా? ఊరంతా నిన్ను తిండిపోతంటారు."

"అననీ. మీ అత్త నన్ను అనని మాటేముంది గనక? చెయ్యి కదలకుండా పట్టుకో."

ఎడమ భుజం మీద పెసరబద్దంత బుడిపె తేలింది. పిల్ల కేరుమంది. రొతియా ఆ బుడిపెనే చూస్తూ నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

"మిగిలింది పారబోస్తావా?"

"ఇంకా టైముందిగా. పై ఊళ్లకి కబురంపాను, ఎవరైనా తెస్తారేమో. చావడిలో కూర్చుంటా."

చావడి స్తంభానికి ఆనుకుని, కాళ్లు మడిచి కూర్చుంది. కొబ్బరిచెట్ల మీద కల్లుగీసేవాళ్లు పాడుతున్నారు. పాట గాలికి దగ్గరవుతోంది, దూరమవుతోంది. పోటొచ్చింది. పడవలోంచి తియాకే చెయ్యూపింది. రొతియా ఊపలేదు.

"పిలవకు, పడుకోనీ పాపం," అన్నాడు పడవలో తియాకే మొగుడు.

పొద్దు వాలేముందు పై ఊరి నుంచి ఇద్దరు తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని, రొప్పుతూ వచ్చారు. "మాకూ వాటా ఉందటగా, రొతియమ్మా?" అంటూ ఒకామె వంగి రొతియా చెయ్యి తాకింది. అది చల్లబడిపోయి ఉంది. తాకిన చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా కింద కూర్చుండిపోయింది.

పక్కన మంచుడబ్బాలో, కరిగిన నీళ్ల మధ్య, ఆ బుడ్డి ఇంకా చల్లగానే ఉంది.