క్లీటస్ అంకెలు

సాగినా ఊళ్ళో ఏ బాక్సింగ్ జిమ్‌కు వెళ్ళినా ఒకటంటే ఎడమచేతి సూటి గుద్దు, రెండంటే కుడిచేతిది. కోచ్ క్లీటస్ దగ్గర అలా కాదు. ఆయన లెక్కలో ఒకటంటే పక్కటెముకల కింద ఎడమ గుద్దు, నాలుగంటే ముక్కు మీదికి కుడి గుద్దు. బరి పక్కన నిలబడి అరిచినా అవతలివాళ్ళకు అంతుపట్టకూడదని ఆయనే తారుమారు చేశాడు.

లవాన్ టీగ్ దుంపల నుంచి చక్కెర తీసే మిల్లులో పని దిగి వచ్చి, ఇసుక సంచి ముందు నిలబడి, ఆ అంకెలను ఒంటికి పట్టించుకుంది. మొదటిరోజే క్లీటస్ చెప్పాడు, ఇవి మనిద్దరివేనని. వంటింట్లో అంకెలు గొణుక్కుంటుంటే తల్లి ఏమిటవి అని అడిగింది. లవాన్ నవ్వి ఊరుకుంది తప్ప చెప్పలేదు.

శనివారం పోటీ. లవాన్ బరువు విభాగంలో గెలిచిన ఒక్కరే రాష్ట్ర పోటీలకు వెళ్తారు. ఎదురుగా యెసేనియా బరాహాస్, నది అవతలి జిమ్ పిల్ల. దుంపలు మోసిన చేతులు లేచేసరికి తెల్లారుతుందని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

"ఒకటి, నాలుగు" అన్నాడు క్లీటస్.

లవాన్ భుజమింకా కదలలేదు. యెసేనియా మోచెయ్యి పక్కటెముకలకు దిగింది, వెంటనే తల పక్కకు తప్పుకుంది. మళ్ళీ పిలిచాడు, మళ్ళీ అంతే. ఆ పిల్ల చూపు లవాన్ చేతుల మీద లేదు. చెవి క్లీటస్ వైపు ఉంది.

గంట కొట్టారు. లవాన్ స్టూలు మీద కూర్చోలేదు.

"మన అంకెలు ఆ పిల్లకి వచ్చు, కోచ్."

క్లీటస్ ఆమె పళ్ళ కవచాన్ని చాలాసేపు కడిగాడు.

"దాని చేతులు పొడుగు. చలికాలం నుంచి వాళ్ళ గ్యారేజీకెళ్ళి నేర్పుతున్నా. ఎవరు గెలిచినా నా పిల్లే వెళ్తుంది కదా, తల్లీ."

లవాన్ నీళ్ళు తాగకుండానే బరి మధ్యకు వెళ్ళింది.

"ఒకటి" అన్నాడాయన. యెసేనియా మోచెయ్యి దిగింది. లవాన్ కుడిచెయ్యి సూటిగా ముక్కు మీదికి వెళ్ళింది. "నాలుగు" అన్నాడు. తల తప్పుకుంది. లవాన్ పక్కటెముకల మీద కొట్టింది. ఆ తర్వాత క్లీటస్ అంకెలు పిలవడం మానేశాడు.

లవాన్ చెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి తనది కానట్టు చూసుకుంది.

బరి దిగాక యెసేనియా ముక్కులో దూది పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. గ్లౌజులు అప్పటికే విప్పేసింది.

"ఆ అంకెలు మనిద్దరివే అని నాక్కూడా చెప్పాడు" అంది తలెత్తకుండా.

క్లీటస్ కత్తెర పట్టుకుని లవాన్ గ్లౌజుల పట్టీలు కత్తిరించడానికి వచ్చాడు.

"సోమవారం ఆరింటికి రా. అంకెలు మార్చేద్దాం."

లవాన్ ఆయన్ని దాటుకుని వెళ్ళి, గ్లౌజులు విప్పమన్నట్టు యెసేనియా ముందు రెండు చేతులూ చాచింది.