నూకరత్నం గొంతు మింగిన పెట్టె

నేను ఒక దొంగ గెలుపు గెలిచిన పెట్టెని. ముందే ఒప్పేసుకుంటున్నా, మీకూ నాకూ తేలిక. కాకినాడలో ఓ చిన్న ఎఫ్‌ఎం స్టేషన్లో, ఇనుప అరలో, కింద నుంచి మూడో వరసలో ఉంటాను. పాటైనా మాటైనా ట్రాన్స్‌మిటర్‌కి వెళ్ళేముందు నాలోంచి వెళ్తుంది. ఎడమ చెవికీ కుడి చెవికీ అందే శబ్దాల మధ్య తేడాని పెంచి, పాట విశాలంగా వినిపించేలా చేయడం నా పని. చిన్న సెలూన్‌లో గోడలకి అద్దాలు బిగించి పెద్ద హాలనిపిస్తారు చూడండి, అదే ట్రిక్కు.

పుణె దగ్గర ఓ షెడ్డులో పుట్టాను. నన్ను బిగించిన అమ్మాయి మొదట రెండు స్పీకర్లలో, తర్వాత ఒక్క స్పీకర్లో విని, ‘పాస్’ అని చీటీ అంటించింది. రెండు రకాలుగానూ వినాలి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, నన్ను కొన్నవాళ్ళు ఎలాగూ పెట్టుకోలేదు. ముందు విజయవాడలో ఓ భక్తిపాటల స్టూడియోలో నాలుగేళ్ళున్నాను. ప్రతి దేవుడికీ నా చేత పెద్ద మండపం కట్టించారు. అది మూతబడ్డాక కాకినాడ వాళ్ళు తెచ్చుకున్నారు.

ఇక్కడ అప్పటికే ఓ పాత పెట్టె ఉంది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది, మాట్లాడదు, వేడెక్కుతుంది. మా ఇద్దరిలో ఎవరు మేలో తేల్చడానికి పోటీ పెట్టారు. ఇంజనీరు ప్రభాకరం గారు ఫోన్లో వియ్యంకుడితో క్రికెట్ గురించి వాదిస్తూ నాకు కొత్త కేబుల్ సోల్డర్ చేశారు. ఆ వేడిలో ఒక ప్లగ్గులో రెండు తీగలూ తారుమారయ్యాయి. అంటే ఎడమవైపు శబ్దం ముందుకు తోస్తుంటే, కుడివైపుది వెనక్కి లాగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో భలే ఉంటుంది, శబ్దం తల చుట్టూ తిరుగుతుంది. ఒక్క స్పీకరున్న రేడియోలో మాత్రం ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మధ్యలో ఉండాల్సిన మనిషి గొంతు సున్నా అయిపోతుంది.

“థియేటర్లో కూర్చున్నట్టుందయ్యా ప్రభాకరం!” అన్నారు మేనేజరు చక్రధర్ గారు, హెడ్‌ఫోన్స్ తీయకుండా.

“కొత్తది కదండీ మరి,” అన్నారు ప్రభాకరం గారు.

పైగా నా వాల్యూమ్ పాతదానికన్నా రెండు గీతలు ఎక్కువుంది. సమం చేద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. గట్టిగా అరిచినవాడికే మార్కులు. గెలిచాను.

ఆ గదిలోనే నూకరత్నం గారూ ఉన్నారు. ఆవిడది ఉప్పాడ, ఉండేది కాకినాడలో. రోజూ ఉదయం ఆరింటికి అయిదు నిమిషాలు, గాలి ఎటు, కెరటం ఎంత, ఏ చేప ఎక్కడ పడుతోంది, అన్నీ వాళ్ళ యాసలోనే చెబుతారు. ఆ వెంటనే రేవు నుంచి ఇరవై ఫోన్లైనా వస్తాయి. ఆవిడ చేతికి మాత్రం ఎవరూ హెడ్‌ఫోన్స్ ఇవ్వలేదు.

నేను అర ఎక్కిన మర్నాడు నాలుగే ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

తొమ్మిదో రోజు, శుక్రవారం, చక్రధర్ గారు పిలిచారు. “ఏమనుకోకండి నూకరత్నం గారూ. సోమవారం నుంచి మీ టైము రాశిఫలాలకి ఇచ్చేస్తున్నా.”

“నా గొంతుకేవైనా అయ్యిందా అండి?”

“గొంతు బాగానే ఉందమ్మా. వినేవాళ్ళే లేరు.”

పదకొండేళ్ళుగా చేస్తున్న ప్రోగ్రాం. రెండు గజాల దూరంలో నేను. అరుద్దామంటే నోరు లేదు. నా ముఖం మీద పచ్చలైట్లు మాత్రం ‘అంతా బ్రహ్మాండం’ అని వెలుగుతున్నాయి. నన్ను నేనే తన్నుకోవాలనిపించింది, కాళ్ళూ లేవు.

ఆవిడ ఏడవలేదు. శనివారం ప్రోగ్రాం ముందే రికార్డు చేసిపెట్టి ఉప్పాడ వెళ్ళారు. తొమ్మిదింటికల్లా తిరిగొచ్చి, సంచిలోంచి ఓ పాత రేడియో తీసి నా నెత్తి మీద పెట్టి, మా స్టేషనే తిప్పారు. ఒకే స్పీకరు. యాంటెన్నా విరిగితే రాగితీగ చుట్టారు.

పాట వస్తోంది. వయొలిన్లున్నాయి, కోరస్ ఉంది. పాడే మనిషి లేడు.

“ఏడండీ పాడేవోడు?” అన్నారు నూకరత్నం గారు. “ఈ రేడియో మా మరిది ఎల్లాజీదండి. ఫోనెందుకు చెయ్యట్లేదురా అని ఆణ్ణి అడిగేనండి. ‘నువ్వు మానేసేవనుకున్నాం వదినా, ఉత్త మ్యూజిక్కే ఏత్తన్నారు’ అన్నాడు. టీ కొట్టు కాడైతే, పాడేవోళ్ళు లేరని జనవే పాడేసుకుంటన్నారు!”

ప్రభాకరం గారు చటుక్కున లేచారు. నా ప్లగ్గు పీకి, విప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశారు. “తీగలు తిరగేసేనండి.”

“పది రోజులా?” అన్నారు చక్రధర్ గారు.

“తమరు థియేటర్లో కూర్చున్నారు కదండీ,” అన్నారు నూకరత్నం గారు. “మావోళ్ళు గేటు బయట నిలబడ్డారు.”

తీగలు సరిచేసి మళ్ళీ పోటీ పెట్టారు. ఈసారి మీటరు పెట్టి వాల్యూములు సమం చేశారు, ఏది ఏదో తెలియకుండా మా ఇద్దరి మీదా తువ్వాలు కప్పారు. జడ్జి ఎల్లాజీ రేడియో. నా విశాలత్వం మొత్తం రెండు చెవుల తేడాలోనే ఉంది. సగం ఊరు ఒక్క స్పీకరుతో వింటుంటే నేను పెంచిందంతా గాలికి పోతుంది.

“రెండూ ఒకటేనండి. నా మాట ఇనపడతంది, సాలు,” అని తీర్పిచ్చారు నూకరత్నం గారు.

నన్ను తీసేయలేదు. విశాలం పెంచే నా నాబ్‌ని సున్నా దగ్గరికి తిప్పి, దాని మీద టేపు అంటించారు. రాశిఫలాలు ఏడున్నరకి పోయాయి. సోమవారం ఆరూ అయిదుకి మొదటి ఫోను ఎల్లాజీది, టీ కొట్టు నుంచి. “వదినా, ఇనపడతన్నావ్! అది సరేగానీ, నా రేడియో ఎప్పుడిత్తావ్?”

ఇవ్వరు. ఇప్పుడు స్టేషన్లో ఏది మార్చినా ముందు అందులో విని తీరాలి. అది నా నెత్తి మీదే కూర్చుంటుంది, రాగితీగ ఊపుకుంటూ.

నా తప్పు నేను చెప్పాను, ఇక మీ వంతు. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరి గొంతో వినిపించకపోతే, వాళ్ళే మాట్లాడటం మానేశారని ఎప్పుడైనా అనుకున్నారా? తీరా చూస్తే తీగ ఎవరు తిరగేశారు? రాయండి. విశాలంగా అక్కర్లేదు, వినిపిస్తే చాలు.