పడవవాడు బతికాడన్న అత్తగారు

ఊళ్లో అందరూ ఒకే పుస్తకం చదవాలని లైబ్రరీవాళ్లు ఇంటికొకటి పంచారు. బట్టలు కుట్టే అత్తగారికి అక్షరం ముక్క రాదు. రోజూ సాయంత్రం కోడలు చదువుతుంటే చెవులప్పగించి వినేది. నిన్ననే కథ ముగిసింది, పడవవాడు క్షేమంగా గట్టెక్కాడు.

ఇవాళ కుట్టు దుకాణానికి జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన టీచరమ్మ, "పాపం, ఆ పడవవాడు చివరికి మునిగిపోయాడు కదండీ" అంది.

"చాల్లెండి, నిక్షేపంలా ఉన్నవాణ్ణి చంపేస్తారేంటి!" అని అత్తగారు టేపు విదిలించి వాదానికి దిగింది. టీచరమ్మ సంచిలోంచి పుస్తకం తీసి ఆఖరి పేజీ చదివింది. అత్తగారు టేపు చుట్టేసి లేచింది.

ఇంటికెళ్తూనే కోడల్ని నిలదీసింది.

"మామయ్యగారు పోయి ఆరు నెలలేగా అత్తయ్యా. మళ్లీ ఏడుస్తారని మార్చి చదివాను."

"నా ఏడుపు నేనేడుస్తాను, మధ్యలో నీ పెత్తనమేంటే? ఉన్నదున్నట్టు చదువు" అంటూ అత్తగారు పీట లాక్కుని కూర్చుంది.