నిదానం వంతు

బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేసే ఆ మెకానిక్కుకి కన్నతల్లి పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అందరూ పిలిచేది నిదానం అనే. ఎందుకంటారా, క్యారమ్స్ ఆడేటప్పుడు చూడాలి ఆ మనిషిని. స్ట్రైకరు గీత మీద పెడతాడు, తీస్తాడు, మళ్ళీ పెడతాడు. తల ఇటు వంచుతాడు, అటు వంచుతాడు. లోపల్లోపల ఏదో కూనిరాగం. ఎదుటివాళ్ళకి ఒళ్ళు మండిపోయేది.

"ఒరే నిదానం, నువ్వు కొట్టేలోగా నేను రిటైరైపోతానురా" అనేవాడు కండక్టరు.

"అవ్వరా, ఎవరొద్దన్నారు? ఖాళీగా కూచుని చూద్దువుగాని" అనేవాడు ఈయన, తల కూడా ఎత్తకుండా.

అది ఉత్త ఆట కాదు లెండి. డిపోలో నలుగురు ఒకచోట నిలబడితే తరిమేస్తున్న రోజులవి. మీటింగు పెట్టుకుంటామంటే హాలు ఇచ్చే నాథుడు లేడు. అందుకని ఆదివారం సాయంత్రాలు పార్కులో బోర్డు పెట్టుకుని, పౌడరు చల్లుకుంటూ, కాయిన్ల టకటకల మధ్య సమ్మె సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. ఆడవాళ్ళు చాపలు పరుచుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ కరపత్రాలు మడతపెట్టేవాళ్ళు. చూసేవాళ్ళకి హాయిగా పిక్నిక్కు.

అలాంటి ఒక ఆదివారం, నిదానం తన వంతు వచ్చి స్ట్రైకరు గీత మీద పెట్టాడో లేదో, వెనక పోలీసు వ్యాను ఆగింది. ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్ళమన్నారు. "ఉండండి, ఇదొక్కటీ కొట్టి వస్తా" అన్నాడాయన. కొట్టనివ్వలేదు. అదే పోవడం. ఏ స్టేషనుకెళ్ళి అడిగినా, అలాంటి మనిషి మా దగ్గర లేడన్నదే మాట.

మళ్ళీ ఆదివారం మిగిలినవాళ్ళు బోర్డు చుట్టూ కూచున్నారు గానీ, ఆయన చోట్లో ఎవరూ కూచోలేదు. ఆట తిరిగి తిరిగి ఆయన వంతుకొచ్చింది. దాటేసి ఆడదామంటే ఎవరికీ చెయ్యి రాలేదు. సరేలెమ్మని ఆయన ఎంతసేపు తాత్సారం చేసేవాడో అంతసేపూ మాట్లాడకుండా కూచున్నారు. అదే అలవాటైపోయింది. వీళ్ళని చూసి పక్క బోర్డువాళ్ళూ ఊరుకునేవాళ్ళు. బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళు షటిల్ కాక్ చేతిలో పట్టుకుని నిలబడిపోయేవాళ్ళు. ఉయ్యాల ఊగే పిల్లలు కాళ్ళు నేలకి ఆనించి ఆపేవాళ్ళు. కొన్నాళ్ళకి, నిదానం వంతు వచ్చిందంటే పార్కు పార్కంతా నోరు మూసుకునేది. జెండా లేదు, నినాదం లేదు. గేటు దగ్గర పోలీసులకి ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు. ఊరికే ఊరుకున్నందుకు ఎవర్ని పట్టుకుంటారు చెప్పండి?

నిదానం భార్య వారమంతా బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆవిడకి సమ్మె గొడవ పట్టలేదు. ఆవిడ పార్కుకొచ్చేది వేరే పనిమీద. అందరూ ఊరుకున్న ఆ కాస్సేపట్లో ఆవిడకి కూనిరాగం వినిపించేది. అదే రాగం, మధ్యలో అదే తడబాటు, చెవి పక్కనే ఊపిరి తగిలినంత దగ్గరగా. తిరిగి చూస్తే ఎవరుంటారు, చాప మీద పక్కన అత్తగారు, బోర్డు దగ్గర ఖాళీ చోటు. ఎవరితోనూ అనలేదు. అంటే పోతుందేమోనని భయం. పోయినవాడైతే పాడతాడా? ఎక్కడో ఉన్నాడు, ఉన్నానని చెబుతున్నాడు. ఆ నమ్మకంతోనే అన్నం గొంతు దిగేది.

అందుకే నర్సమ్మ వచ్చి అడిగినప్పుడు ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ నర్సమ్మ సంఘం పనులు చూసేది, మంచి మనిషే.

"వదినా, ఏమనుకోకు. ఫొటోకి నల్లరిబ్బను కట్టి సంతాపసభ పెడదామంటున్నారు అందరూ. ఎన్నాళ్ళని ఇలా..."

"ఎవరికి సంతాపం? మనిషి ఉండగానే?"

"ఉన్నాడని నీకెవరు చెప్పారు?"

"నాకు తెలుసు. రిబ్బను మీ ఇంట్లో కట్టుకోండి."

"అయ్యో, అదేం మాట వదినా!" అని నర్సమ్మ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారానికల్లా పార్కు నిండా స్తంభాలు పాతేశారు, ప్రతి స్తంభానికీ ఒక లౌడ్‌స్పీకరు. ప్రజల ఉల్లాసం కోసమట! డప్పులూ ట్రంపెట్లూ చెవులు చిల్లులుపడేలా మోగుతున్నాయి.

"మనం ఊరుకుంటే వాళ్ళకి ఊపిరాడటం లేదు చెల్లెమ్మా" అని కండక్టరు ఆవిడ చెవి దగ్గర అరిచి చెప్పాడు.

ఆట మొదలైంది. నిదానం వంతు వచ్చింది. అందరూ ఎప్పటిలాగే ఆగిపోయారు, ఉయ్యాలలతో సహా. కదిలే మనిషి లేని పార్కులో ఆ పెళ్ళిబాజా పాట ఒక్కటే గంతులేస్తోంది. ఆవిడ కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది. ఏమీ లేదు. తూలి, ఆసరాకి అత్తగారి వీపు మీద చెయ్యి వేసింది.

అరచేతి కింద సన్నగా వణుకు. ఆగుతోంది, తడబడుతోంది, మళ్ళీ సాగుతోంది. ఆ రాగమే.

"అత్తయ్యా! పాడేది మీరా?"

"నేనా? నేనెక్కడ పాడానే! వాడు కదూ..." ముసలావిడ నాలిక కరుచుకుంది. "అంటే నీకూ వినిపిస్తాడా?"

అత్తగారు చెయ్యి చాచి కోడలి గొంతు తడిమింది. తడిమిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నీదీ ఆడుతోందే అమ్మాయీ."

ఇన్ని ఆదివారాలూ ఒకరి గొంతు ఒకరు విని, వాడే అనుకుని, ఒకరికొకరు చెప్పుకోకుండా గుట్టుగా దాచుకున్నారు పిచ్చి తల్లులు. కోడలు ఖాళీ చోటు వైపు చూసింది. మొట్టమొదటిసారి అది నిజంగా ఖాళీగా కనిపించింది. కూచున్నచోటే అత్తగారి భుజమ్మీదకి ఒరిగిపోయింది.

నర్సమ్మ పరుగున వచ్చి పట్టుకుంది. "ఏమైంది వదినా? ఏం కనిపించింది?"

"ఏమీ కనిపించలేదు. ఉన్నాడో లేడో నాకు తెలియదు నర్సమ్మా. తెలుసనుకున్నాను, తెలియదు." లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "ఆ సంగతి తెలిసినవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉండగా, వాళ్ళని అడక్కుండా నాకెందుకు రిబ్బన్లు? అన్నయ్యా, అటువైపు పట్టుకో."

కండక్టరు బోర్డుకి ఒక పక్క, ఆవిడ ఇంకో పక్క పట్టుకున్నారు. ఒక్క కాయిను కదలకుండా, నిండు పాలగిన్నె మోసినట్టు మోసుకుంటూ నడిచారు. వెనక అత్తగారు, నర్సమ్మ, ఆ వెనక షటిల్ కాక్‌లు చేత్తో పట్టుకున్నవాళ్ళు, పిల్లలు. గేటు దగ్గర కానిస్టేబులు కాళ్ళ ముందు బోర్డు దించారు.

"ఏంటమ్మా ఇది? ఇది ఆడుకునే చోటు, గొడవలు చేసే చోటు కాదు."

"ఆడుకోడానికే వచ్చాం బాబూ" అంది ఆవిడ, పాటని మించిన గొంతుతో. "ఆట మా ఆయన దగ్గర ఆగిపోయింది. ఆయన్ని ఎక్కడ పెట్టారో చెప్పు. లేదా పిలుచుకురా, కొట్టి పోతాడు."

"నాకేం తెలుసమ్మా, నేను కొత్తగా వచ్చాను" అన్నాడతను. అత్తగారు నేల మీద చతికిలబడింది. కోడలు పక్కన కూచుంది. కండక్టరు, నర్సమ్మ, ఒకరి తరవాత ఒకరు, పార్కంతా కూచుంది. బోర్డుకి ఒక పక్క మాత్రం వదిలేశారు.

కానిస్టేబులు ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తరవాత, ఎవరూ అడక్కుండానే, అక్కడెవరో వచ్చి కూచుంటున్నట్టు, నాలుగడుగులు వెనక్కి జరిగాడు.